.38 తూటా డొల్లలకు ఒక పక్కే మసి పడుతోంది, తప్పు తుపాకి మందుదా నాదా?

తెనాలి తుల్సా (తుల్సా, ఓక్లహోమా)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. వివరాలు చెప్పకుండా అడిగితే "మందు మార్చు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారని భయం.

నేను ఫార్మసిస్టుని. నాలుగేళ్లుగా నా తూటాలు నేనే గ్యారేజీలో రీలోడ్ చేసుకుంటున్నాను, అంటే కాల్చిన డొల్లల్లో మళ్లీ మందు, గుండు పెట్టుకోవడం. వాడేది నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న .38 స్పెషల్ రివాల్వర్. నెలకి రెండు శనివారాలు మా క్లబ్బులో స్టీలు ప్లేట్ల మ్యాచ్‌కి వెళ్తాను. తూకం నాకు కొత్త కాదు. పాత ఫార్మసీ పుస్తకాల్లో ఉండే గ్రెయిన్, తుపాకి మందు తూచే గ్రెయిన్ ఒకటే, 64.8 మిల్లీగ్రాములు. 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్ల అంటే 5 గ్రెయిన్లు. మా ఊళ్లో కంసాలి గురివింద గింజతో బంగారం తూచేవాడు చూడండి, ఆ గింజలో సగానికి కాస్త ఎక్కువ ఒక గ్రెయిన్. ప్రతి పదో తూటా మందుని త్రాసు మీద పెట్టి సరిచూస్తాను. కాబట్టి తూకంలో తేడా ఉందేమో అన్న అనుమానం పక్కన పెట్టేయండి.

ఇక సమస్య. కాల్చాక డొల్లలు బయటికి తీస్తే మూతి నుంచి సగం దాకా ఒకే పక్కన మసి. కట్టెల పొయ్యి మీద అన్నం గిన్నెకి పట్టినట్టు నల్లగా ఉంటుంది. రెండో పక్క మాత్రం కొత్త ఇత్తడిలా మెరుస్తుంది. బ్యారెల్లోంచి, సిలిండర్లోంచి మండని మందు రేకులు రాలుతున్నాయి. ఆవగింజని గోటితో నొక్కితే పలచగా అయినట్టుంటాయి, బూడిదరంగు.

పోయిన శనివారం మూడో స్టేజిలో సిలిండర్ మూతపడలేదు. మధ్యలో ఆపి రేంజ్ ఆఫీసర్‌కి చూపించాను. డొల్లల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు భాగం కింద ఒకే ఒక్క రేకు ఇరుక్కుని ఉంది. మ్యాచ్ పోతే పోయింది, అదే స్థితిలో ఇంకెవరైనా ఆత్మరక్షణకి తీసి ఉంటే ఏమయ్యేది అన్న ఆలోచన మాత్రం నన్ను వదలడం లేదు.

గుండు 158 గ్రెయిన్ల పోత సీసం, బ్యారెల్లో జారడానికి మైనం లూబ్ పూసినది. మందు పాతకాలం నుంచీ వస్తున్న రేకు మందు. పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చంతా ఆ కంపెనీ మీదికి పోతుంది. మోతాదు పుస్తకంలో ఇచ్చిన కనీసం. నా కుడి మణికట్టు బాగా లేదు, అందుకే తక్కువగా తన్నేలా కట్టుకున్నాను.

మసి పట్టిన డొల్లల్ని చింతపండు గుజ్జులో నానబెట్టి కూడా చూశాను, మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు. చిలుము మొత్తం పోయింది. మసి మాత్రం అలాగే ఉంది. పులుపుకి కరిగేది చిలుమే, బొగ్గు కాదు కదా.

శుభ్రంగా మండే మందు ఏది? మారిస్తే సరిపోతుందా?


ఎడారి బాబాయ్ (టక్సన్, అరిజోనా)

అమ్మా, నీ ప్రశ్నలోనే జవాబుంది. "ఒక పక్కే మసి" అన్నావు చూడు, అది.

తూటా పేలగానే లోపలి వత్తిడికి ఇత్తడి డొల్ల ఉబ్బి చాంబర్ (సిలిండర్లో తూటా కూర్చునే గది) గోడకి అతుక్కోవాలి. అతుక్కుంటే వెనక్కి వచ్చే పొగకి సందు ఉండదు. వత్తిడి చాలకపోతే డొల్ల పూర్తిగా ఉబ్బదు. డొల్ల చాంబర్లో అడుగుకి ఆనుకుని పడుకుని ఉంటుంది కాబట్టి పైన సందు మిగులుతుంది, పొగ అటుగా వెనక్కి పాకుతుంది. నీ డొల్ల మీద మసి అదే. మందు మురికిదని కాదు, దానికి మండేంత వత్తిడి దొరకలేదని అర్థం. తడికట్టెలు పెట్టిన పొయ్యి పొగ కక్కినట్టే. కట్టె చెడ్డది కాదు, వేడి అందలేదు.

ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందుకి ఒక గుణం ఉంది. వత్తిడి పెరిగేకొద్దీ వేగంగా, పూర్తిగా మండుతుంది. ఆరుబయట చిటికెడు వెలిగిస్తే తాటాకులా బుస్సుమని మండి ఊరుకుంటుంది. అదే మందు డొల్లలో బిగించి, ముందు గుండు పెట్టి, మూతి గట్టిగా క్రింప్ చేస్తే (గుండు చుట్టూ నొక్కి బిగిస్తే) తన వత్తిడి తనే పెంచుకుంటూ పోతుంది. తక్కువ వేస్తే ఆ మెట్టు ఎక్కకముందే గుండు బ్యారెల్లోకి జారిపోతుంది. మండనిది రేకులుగా రాలుతుంది.

నీ తూటా మీద కూడా కొంత నింద ఉంది. .38 స్పెషల్ 1898 ప్రాంతంలో నల్ల తుపాకి మందు కొలత మీద పుట్టింది. నల్ల తుపాకి మందు డొల్ల నిండా పోసేవాళ్లు. ఇప్పటి మందు అందులో అడుగున కొంచెం ఉంటుంది, మిగతాది ఖాళీ. పైగా దీని గరిష్ఠ వత్తిడే చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. 9 ఎం.ఎం. పిస్టల్ తూటాకి 35,000. అందుకే అదే డబ్బాలో మందు 9 ఎం.ఎం.లో మెరుస్తుంది, నీ దాంట్లో మసి కక్కుతుంది. రెండూ వాడే వాళ్లని అడుగు, ఇదే చెప్తారు.

నల్ల తుపాకి మందుతో పోలిస్తే ఇదంతా ఏమీ లేదులే. నల్ల తుపాకి మందు మండాక దాని బరువులో సగానికి పైగా ఉప్పుల్లా, గట్టి పదార్థంలా మిగిలిపోతుంది. నా చిన్నప్పుడు దీపావళికి చిచ్చుబుడ్లు కాల్చాక వీధంతా తెల్లగా పొగ, అడుగున మట్టిబుడ్డిలో గట్టిపడిన కిట్టం. సూరేకారం, గంధకం, బొగ్గు కదా అదీ. నువ్వు వాడేది నైట్రోసెల్యులోజ్, కొన్నింట్లో నైట్రోగ్లిసరిన్ కూడా. దాదాపు అంతా వాయువైపోవాలి. కాలేదంటే పరిస్థితులు కుదరలేదని.

చెయ్యవలసింది చెప్తాను. పుస్తకం ఇచ్చిన హద్దుల్లోనే, ఒక్కోసారి గ్రెయిన్‌లో పదో వంతు చొప్పున పైకి వెళ్లు. డొల్ల మూతి అంచుని లోపలికి మడిచే రోల్ క్రింప్ బిగించు. డొల్లలు తీసేటప్పుడు బ్యారెల్ మూతి ఆకాశంలోకి పెట్టి డొల్లలు తోసే కడ్డీని ఒక్కసారి గట్టిగా కొట్టు, రేకులు డొల్లలతోపాటు కింద పడిపోతాయి. మూతి కిందికి పెట్టి తీసే అలవాటుంటే ఆ నక్షత్రం భాగం కిందికి రేకు పోక తప్పదు.

కనీసం కన్నా కిందికి మాత్రం ఎప్పుడూ దిగకు. గుండు బ్యారెల్లోనే ఆగిపోతుంది. దాని వెనకే ఇంకోటి కాలిస్తే చెయ్యి పోతుంది. హెచ్110 లాంటి నిదానపు మందుల విషయంలో అయితే తగ్గించడం అన్న మాటే వద్దు, పుస్తకంలో ఉన్నంతే.


బంగాళాఖాతం టు హ్యూస్టన్ (హ్యూస్టన్, టెక్సాస్)

అక్కా, బాబాయ్ గారు చెప్పింది నిజం. కానీ మందుకీ మందుకీ తేడా లేదని మాత్రం అనుకోవద్దు, ఉంది.

బుల్స్ఐ 1898లో వచ్చింది, యునిక్ 1900లో. రెండూ రేకు మందులే, రెండూ ఇప్పటికీ అమ్ముతున్నారు. యునిక్‌కి మసి పేరు ముందునుంచీ ఉంది. తర్వాత కంపెనీయే మరింత శుభ్రంగా మండేలా మార్చి తెచ్చింది. పాత పుస్తకాలూ, పాత మాటలూ చదివి ఇప్పటి డబ్బాని తీసిపారెయ్యకూడదు.

హెచ్‌పీ38, వించెస్టర్ 231 రెండు పేర్లు, మందు ఒకటే. చిన్న గుండ్రటి చదును గింజలు, కొలిచే యంత్రంలో ఇసుకలా జారతాయి. తక్కువ వత్తిడి తూటాలకి అందరూ ముందు చెప్పేది ఇదే. టైట్‌గ్రూప్ ఇంకా తక్కువ పడుతుంది, డొల్లలో ఏ మూలకి పోయినా నిలకడగా అంటుకునేలా తయారుచేశారు. కానీ దాని మంట బాగా వేడి, పోత సీసపు గుళ్లకి లూబ్ ఎక్కువ పొగలేస్తుంది. ఫిన్లాండ్ నుంచి వచ్చే వీహ్టావూరి ఎన్320 సింగిల్ బేస్, అంటే నైట్రోగ్లిసరిన్ లేదు. శుభ్రతలో దాన్ని మెచ్చుకోని వాడిని నేను చూడలేదు, ధర చూసి వెనక్కి పెట్టేసిన వాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

సీఎఫ్ఈ అని పేరున్నవి చూసి మసి ఉండదనుకోవద్దు. ఆ పేరు రాగి మరకల గురించి. బ్యారెల్లో గుండు తొడుగు వదిలే రాగి అది. మసి వేరు, రాగి వేరు.

ఒక్క జాగ్రత్త. తక్కువ పరిమాణం పట్టే మందు .38 డొల్లలో రెండుసార్లు పడినా కంటికి తెలియదు. మీరు వాడే రేకు మందు ఉబ్బుగా ఉంటుంది, రెండోసారి పడితే పైకి కనబడుతుంది. నేను పళ్లెంలో 50 డొల్లలు నిలబెట్టి, టార్చి వేసి, ఒక్కొక్కటీ చూసి తర్వాతే గుండు పెడతాను.

ఇంకో మాట, పొగ మొత్తం మందుది అనుకోకండి. మీ మైనం లూబ్ వాటా కూడా తీసెయ్యండి ముందు.


గచ్చిబౌలి పిల్ల (హైదరాబాద్)

అక్కా, నేను హైదరాబాద్ యూనివర్సిటీలో ఉన్న రేంజిలో .22 పిస్టల్ ప్రాక్టీస్ చేస్తా. మా తూటాల్లో ప్రైమర్ (మందుని అంటించేది) అంచులోనే ఉంటది, రీలోడ్ చేసే పనే లేదు. వచ్చిన మసితోనే మేం బతకాలి. కానీ ఒక సంగతి చెప్తా. బ్యారెల్ మెరిసేలా తుడిచి వెంటనే స్కోరుకి కాలిస్తే మొదటి కొన్ని గుండ్లు పక్కకి పోతయి. అందుకే ముందు సైటర్లు (స్కోరులోకి రాని గుండ్లు) కాల్చి బ్యారెల్ లోపల కొంచెం పూత పడనిస్తం. శుభ్రం అంటే గుడ్డ తెల్లగా రావడమా, గుండు అనుకున్నచోట పడడమా, ముందు మీకేది కావాలో చూసుకోండి.


నల్లమల రేంజర్ (సియాటిల్)

మసిని చిన్న విషయంగా తీసుకోవద్దని ఒక పాత కథ చెప్తాను. వియత్నాం యుద్ధంలో వాడిన ఎం16 రైఫిల్ ఒక రకం మందుకి, ఐఎంఆర్ 4475కి, సరిపోయేలా తయారైంది. 1964లో సైన్యం డబ్ల్యూసీ846 అనే గుండ్రటి గింజల మందుకి మారింది. రైఫిల్ కాల్చే వేగం పెరిగింది. ఆమ్లాన్ని అణచడానికి ఆ మందులో వేసే కాల్షియం కార్బొనేట్ గ్యాస్ గొట్టంలో పేరుకుంది. చాంబర్‌కి క్రోమ్ పూత లేదు, తుడుచుకునే సామాను అందరికీ అందలేదు. డొల్ల చాంబర్లో ఇరుక్కుపోయి, రైఫిల్ చేతిలో ఉండగానే సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారించింది. తర్వాత చాంబర్‌కి క్రోమ్ వేశారు, మందులో ఆ కాల్షియం కార్బొనేట్ తగ్గించారు.

అంటే మందు ఒంటరిగా మురికిదీ కాదు, మంచిదీ కాదు. ఏ తుపాకీలో, ఎంత వత్తిడిలో, ఏం కలిపి అన్నదే లెక్క. మీ సిలిండర్ సంగతి చదివితే అదే గుర్తొచ్చింది.


తెనాలి తుల్సా (తుల్సా, ఓక్లహోమా)

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు వారాలు పట్టింది, కానీ పని పూర్తిచేశాను.

ఆరు రకాలు కట్టాను, ఒక్కో రకం పన్నెండేసి, అంటే రెండు సిలిండర్లు. మందుల సీసాలకి అతికించే చీటీల మీద అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని రాసి పెట్టెలకి అంటించాను. 'అ' అంటే నా పాత కనీస మోతాదు, మైనం లూబ్ గుండు. 'ఆ' అంటే అదే మందు, అదే గుండు, పుస్తకం హద్దులకి నడిమి మోతాదు. 'ఇ' అంటే గరిష్ఠానికి కొంచెం కింద. 'ఈ' అంటే 'ఆ' మోతాదే, కానీ గుండుకి మైనం బదులు గట్టి పాలిమర్ పూత. 'ఉ' అంటే హెచ్‌పీ38, 'ఊ' అంటే ఎన్320, రెండూ నడిమి మోతాదుల్లో, పూత గుళ్లతో. అన్నింటికీ ఒకే ప్రైమర్, ఒకే క్రింప్, ఒకే బ్రాండు డొల్లలు.

ఒక్కో రకం తర్వాత బ్యారెల్‌ని తుడిచాను. తుడిచే గుడ్డకి మా ఆయన పాత పంచె చింపాను. తెల్లటి మెత్తటి నూలు, మసి దాచదు. చాంబర్ల కింద స్టీలు పళ్లెంలో తెల్లకాగితం పెట్టి రాలిన రేకులు లెక్కపెట్టాను.

'అ' దగ్గర పన్నెండు తూటాలకి 31 రేకులు. డొల్లలన్నిటికీ ఒక పక్క నలుపు, ముందు చూసినట్టే. 'ఆ' దగ్గర 9 రేకులు, బయటి మసి మూతి దగ్గర సన్నటి గీతకి తగ్గింది. 'ఇ' దగ్గర 2 రేకులే, డొల్ల బయట గోధుమరంగు నీడ తప్ప ఏమీ లేదు. మందు మార్చలేదు, డబ్బా కూడా అదే. బాబాయ్ గారూ, మీ తడికట్టెల పొయ్యి మాట అక్షరాలా నిజమైంది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది 'ఈ'. మోతాదు 'ఆ'దే, మారింది గుండు మీది పూత ఒక్కటే. కాల్చినప్పుడు కళ్లముందు లేచే తెల్లపొగ దాదాపు పోయింది. పంచె గుడ్డ మీద 'ఆ' మరక జిడ్డుగా, నల్లగా, వేలితో రుద్దితే సాగేది. 'ఈ' మరక పొడిగా, బూడిదరంగులో, విదిలిస్తే సగం రాలిపోయింది. నేను ఇన్నేళ్లు మందుని తిట్టిన దాంట్లో సగం మైనానిది. హ్యూస్టన్ తమ్ముడు చెప్పకపోతే ఈ పెట్టె కట్టేదాన్నే కాదు.

'ఉ' శుభ్రంగా ఉంది, కాగితం మీద రేకులు లేవు, సన్నటి దుమ్ము కొంచెం. 'ఊ' గురించి నిజాయితీగా చెప్పాలి. ఆరింటిలో అదే అన్నిటికన్నా శుభ్రం. డొల్ల లోపల చూస్తే అప్పుడే కడిగిన గాజుగ్లాసులా ఉంది, అడుగున ప్రైమర్ మసి ఒక చుక్క, అంతే. ధర పక్కన పెడితే దాని మీద ఎవరు ఏ పొగడ్త రాసినా నమ్ముతాను.

తర్వాత గచ్చిబౌలి చెల్లెలి ప్రశ్న. గుండు అనుకున్నచోట పడిందా లేదా? 15 గజాల్లో ఇసుక సంచి మీద చెయ్యి ఆన్చి కాల్చాను. 'ఇ' అన్నిటికన్నా దగ్గరగా పడ్డాయి. కానీ పన్నెండు కాల్చేసరికి నా మణికట్టు చెప్పేసింది, మ్యాచ్ మొత్తం ఇది కుదరదని. 'ఈ' దానికి కొంచెమే వెనక. 'ఉ', 'ఊ' కూడా బాగానే ఉన్నాయి, నా రివాల్వర్‌లో 'ఈ' కన్నా కొంచెం వెడల్పుగా. 'అ' మాత్రం చెల్లాచెదురు.

అది ఎందుకో కూడా చూశాను. కాల్చే ముందు బ్యారెల్ని ఒకసారి పైకెత్తి నెమ్మదిగా గురికి దించితే మందు ప్రైమర్ వైపు ఉంటుంది. కిందికి వంచి లేపితే గుండు వైపు పోతుంది. వేగం కొలిచే యంత్రం పెట్టి 'అ'ని రెండు రకాలుగా కాల్చాను. సెకనుకి దాదాపు 70 అడుగుల తేడా వచ్చింది. ఒకే పెట్టెలో తూటా, ఒకే చెయ్యి. 'ఈ' దగ్గర అదే తేడా 25 కి తగ్గింది. ప్లేట్ల మ్యాచ్‌లో హోల్‌స్టర్ నుంచి తీసేటప్పుడు మూతి ఎప్పుడూ కింద నుంచే పైకొస్తుంది, అంటే ఇన్నాళ్లూ నా మొదటి గుండు నేను తూచిన మందుతో కాక దాని నీడతో పోతోంది.

కాబట్టి మందు మార్చడం లేదు. మోతాదు నడిమికి పెంచాను, మైనం గుళ్లు మానేశాను, డొల్లలు తీసేటప్పుడు మూతి పైకే. పోయిన శనివారం 120 తూటాలు కాల్చాను, సిలిండర్ ఒక్కసారి కూడా ఆగలేదు. మోతాదు అంకెలు ఇక్కడ రాయను. నా డొల్లలూ నా తుపాకీ వేరు, మీ పుస్తకం మీరు తెరవండి.


ఎడారి బాబాయ్ (టక్సన్, అరిజోనా)

శభాష్ అమ్మా. ఆ పంచె గుడ్డల సంగతి ఒక్కటి చెప్పు, ఏం చేశావు? మసి అంటే ఒక్క బొగ్గే కాదు, ప్రైమర్ సీసం, గుండు సీసం కూడా అందులో ఉంటుంది. ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కు.


తెనాలి తుల్సా (తుల్సా, ఓక్లహోమా)

లేదు బాబాయ్ గారూ, జిప్ సంచిలో కట్టి మా కౌంటీ ప్రమాదకర చెత్త సేకరించే చోట ఇచ్చేశాను. ఆ చింతపండు గిన్నె కూడా మళ్లీ వంటింట్లోకి రాలేదు, గ్యారేజీలోనే ఉంది. రేంజి నుంచి రాగానే మోచేతుల దాకా చల్లనీళ్లతో, సబ్బుతో కడుక్కుని తర్వాతే పిల్లాడిని ఎత్తుకుంటాను. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటున్నాను, మీరూ చేయించుకోండి.